నా చాప, ఖాలా చాప

ఈ ఉదయం కాఫీ కలుపుతూ ఉండగా నా ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది. "ఈ రోజు నేను రాను. కొట్లోకి కొత్త సరుకు దిగుతోంది. పిల్లలకి గుగ్గిళ్ళు మీరే పెట్టండి." అంతే. తెలుగులో, తెలుగు అక్షరాల్లోనే. రెండుసార్లు చదివాను. ఒక్క ఒత్తు పోలేదు, ఒక్క దీర్ఘం జారలేదు. జీవితమంతా పిల్లల నోటుపుస్తకాల్లో ఎర్ర సిరాతో తప్పులు వెతికినదాన్ని కనక రెండోసారి చదివింది తప్పు కోసమేనని వేరే చెప్పక్కర్లేదు. దొరక్కపోయేసరికి కొంచెం నిరాశ కలిగింది. మా ఆయన పేపరు మీంచి తలెత్తి "ఎవరే?" అన్నారు. "ఖాలా" అన్నాను. "ఇంకా మండుతూనే ఉందా నీకు?" అని మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు. గ్లాసు ఆయన ముందు పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. మండుతూనే ఉంది మరి.

ఖాలా అనేది మా పిల్లలు పట్టుకున్న పిలుపు. ఉర్దూలో అమ్మ అక్కచెల్లెళ్ళని అలా పిలుస్తారట. నన్ను మాత్రం మేడంగారు అంటారు. ఇద్దరం ఒకే హాల్లో, ఒకే పిల్లల మధ్య కూర్చుంటాం. ఆవిడేమో పిన్ని, నేనేమో మేడంగారు. నా గొడవంతా ఇందులోనే ఉంది కానీ, తెలియనివాళ్ళకి మొదటినుంచీ చెప్పాలి.

మా ఆయన అక్కగారు, అంటే నా వదిన, ప్రభుత్వ బడిలో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక మొదలుపెట్టిన సాయంత్రం బడి మాది. బడి వదిలాక ఇంటికి వెళ్తే తలుపుకి తాళం కనిపించే పిల్లలు ఇక్కడికి వస్తారు. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీల పిల్లలు, నాలుగిళ్ళల్లో పని చేసుకునే అమ్మల పిల్లలు, బజార్లో చేపలమ్మేవాళ్ళ పిల్లలు. గుప్పెడు గుగ్గిళ్ళు తిని, ఇంటిపని రాసుకుని, చీకటి పడ్డాక అమ్మలొచ్చి పిలిస్తే వెళ్తారు. ఒక బెల్లం వర్తకుడు తన పాత గిడ్డంగి మేడ మీది హాలు మాకు ఊరికే ఇచ్చాడు. అందులోంచి బెల్లం ఖాళీ చేసి ఏళ్ళయినా గోడలు దాన్ని వదల్లేదు. వానాకాలంలో చెయ్యి ఆనిస్తే జిగురుగా తగులుతుంది. కొత్తగా చేరిన ప్రతి పిల్లా పిల్లాడూ మొదటి వారంలో ఎవరూ చూడకుండా ఒకసారి గోడ నాకి చూస్తారు. ఎవరూ చూడటం లేదని వాళ్ళ నమ్మకం. ఇక చీమలైతే మా దగ్గర ఒక్కరోజు కూడా ఎగ్గొట్టని విద్యార్థులు.

మా వదినకి తరగతులంటే గిట్టదు. పొద్దుటినుంచీ బెంచీల మీద తరగతుల వారీగానే కదా కూర్చున్నారు, సాయంత్రమైనా ఇష్టమొచ్చిన చోట కూర్చోనీ అంటుంది. అందుకని హాల్లో చాపలు పరుస్తాం. ఒక్కో చాప దగ్గర ఒక్కో పెద్దమనిషి. గిన్నె కడుక్కుని వచ్చిన పిల్లలు ఎవరికి నచ్చిన చాప మీదికి వాళ్ళు వెళ్ళొచ్చు. మనం ఎవరినీ పిలవకూడదు, ఎవరినీ పొమ్మనకూడదు. ఇదొక్కటే అక్కడి చట్టం. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసినన్నాళ్ళూ పిల్లలు నా ముందు కూర్చోవడానికి వాళ్ళ ఇష్టంతో పని ఉండేది కాదు. ఇక్కడ రోజూ సాయంత్రం ఎన్నికలే. మొదట్లో అన్ని ఎన్నికలూ నేనే గెలిచాను. మా వదిన చాప సగమే నిండేది, అప్పుడప్పుడూ వచ్చే డిగ్రీ అమ్మాయి చాప మీద ఇద్దరు ముగ్గురు, నా చాప మాత్రం అల్లిక కనపడకుండా నిండేది. ఇంటికొచ్చి మా ఆయనకి ఆ సంగతి చెప్పకుండా అన్నం వడ్డించిన రోజు లేదు.

అలా నిండిన చాపలో ఒక మూల ఒక పిల్ల కూర్చునేది. ఆ పిల్ల అమ్మ తెల్లవారకుండా పూడిమడక వెళ్ళి, రేవులో చేపలు కొనుక్కొచ్చి మా బజార్లో అమ్ముతుంది. పిల్ల నాలుగో తరగతి. చూస్తే చురుకే, చేతిరాత ముత్యాలే, కానీ నోరు తెరవదు. పాఠం చదవమంటే పుస్తకం వైపు చూస్తుంది, నా వైపు చూస్తుంది, గోడ మీది చీమల వైపు చూస్తుంది. రెండు మాటలు గొణిగితే మూడో మాట దగ్గర తప్పు పోతుంది. నేను దిద్దుతాను. ఇక ఆ పూటకి అంతే. తప్పు చదివితే దిద్దకపోతే టీచరు ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పిల్లంటే నాకు ఎందుకంత ఇష్టమో కూడా తెలియదు. నాకు ఆడపిల్లలు లేరు. ఉంటే ఇలా మొండిగా, కళ్ళతోనే జవాబులు చెప్పే పిల్ల ఉండాలని ఎప్పుడూ అనుకునేదాన్ని.

ఒకరోజు వాళ్ళమ్మ పిల్ల కోసం వచ్చి, తట్ట మెట్ల దగ్గర దించి, నన్ను పక్కకి పిలిచింది. "ఆ ఆస్టలు బడి పరీచ్చ రాయించండమ్మ. సీటొచ్చిందా, సదుంకుంటాది. రాపోతే దీన్ని పూడిమడక పంపించేత్తాను. మా అమ్మకాడుండి సిన్నోడ్ని సూసుకుంటాది. నాను బజారుకొచ్చీసినాక ఆడ్నెవరు సూత్తారు?" అంది. కోపంగా కాదు, దిగులుగా కాదు, చేప ధర చెప్పినట్టు చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆ పిల్లకి గురుకులం బడిలో సీటు రావాలి, నా చేతుల మీదుగా రావాలి. ఈ రెండోది మొదటిదాని కంటే తక్కువగా ఏమీ అనిపించలేదు.

సరిగ్గా అప్పుడు దిగింది ఖాలా. దిగడం కాదు, ఎక్కింది. మేడ కింద, మెట్ల పక్కన ఆవిడకి గాజుల కొట్టు. ఒక సాయంత్రం తడిసిన గాజుల పెట్టె ఒకటి చంకన పెట్టుకుని రొప్పుతూ పైకొచ్చింది. "మీ పిల్లలు గిన్నెలు కడిగిన నీళ్ళు నా సరుకు మీద కారతన్నాయండి. ఓసారి వచ్చి సూడండి" అంది. మా వదిన క్షమాపణ చెప్పి, గుగ్గిళ్ళు పెట్టి, కూర్చోమంది. తగాదాకి వచ్చిన మనిషిని గుగ్గిళ్ళతో కూర్చోబెట్టడం మా వదినకే చెల్లు. తింటూ తింటూ ఆవిడ పక్కనున్న ఒకటో తరగతి పిల్ల పుస్తకంలోకి తొంగి చూసి, "ఇదేటి?" అని ఒక అక్షరం మీద వేలు పెట్టింది. పిల్ల చెప్పింది. "మరి ఇదేటి?" అంది. చిన్నప్పుడు ఉర్దూ చదువుకుందట గానీ తెలుగు అక్షరం ముక్క రాదట. ఎస్. రాయవరంలో కూతురింటికి వెళ్ళాలంటే బస్సు బోర్డు ఎవర్నో ఒకర్ని అడగాలి. అడగడం నామోషీ అనిపించి ఒకసారి తనే ధైర్యం చేసిందట. "రాంబిల్లి బస్సెక్కేసేను. దిగీసరికి సముద్రం గాలి కొడతంది" అని చెప్తే పిల్లలు పడీపడీ నవ్వారు. మర్నాడు కొట్టు కాసేపు కొడుక్కి అప్పజెప్పి మళ్ళీ పైకొచ్చింది. మా వదిన ఆవిడకీ ఒక చాప వేసింది.

వారం తిరక్కుండా నా చాప అల్లిక కనపడటం మొదలైంది. ముందు చిన్నపిల్లలు వెళ్ళారు. పోనీ, చిన్నపిల్లలు, పొరుగింటి పుల్లకూర రుచి అనుకున్నాను. తర్వాత ఆరో తరగతి మగపిల్లలు వెళ్ళారు. అక్కడ జరుగుతున్నది చదువు కాదు, బజారు. ఒకడు ఆవిడకి గుణింతం చెప్తుంటే ఇంకొకడు వాడిని తోసేసి ఒత్తులు చెప్తున్నాడు. ఆవిడ తప్పు రాస్తే "కాదు ఖాలా, ఇలాగ" అని చెయ్యి పట్టుకుని దిద్దుతున్నారు. బళ్ళో ఆఖరి బెంచీ వాళ్ళంతా అక్కడ పంతుళ్ళే. పైగా ఆవిడకి ఒక అలవాటు ఉంది. వింటున్నంతసేపూ పక్కనున్న పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని, గాజు ఎక్కించే ముందు పిసికినట్టు మెల్లగా పిసుకుతూ ఉంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకరి చదువు చూసి, సొమ్ము చూసి, చీర చూసి ఓర్వలేనివాళ్ళని ఎరుగుదును. ఒక మనిషికి ఏమీ రాకపోవడం చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నదాన్ని మాత్రం అనకాపల్లిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

పిలవకూడదని చట్టం ఉంది గానీ తినిపించకూడదని లేదు. మధ్యాహ్నమంతా పొయ్యి ముందు కూర్చుని బెల్లం, బియ్యప్పిండితో పోకుండలు చేసి డబ్బా నిండా పట్టుకెళ్ళాను. నేతి వాసన హాలంతా అలుముకుంది. పిల్లలు బిలబిలమని నా చాప మీదికి వచ్చారు. తిన్నారు, చేతులు నా చాపకే తుడుచుకున్నారు, నా కొంగుకి కూడా తుడుచుకున్నారు, లేచి ఖాలా దగ్గరికి వెళ్ళిపోయారు. ఆవిడ కోసం రెండు చేతిలో పట్టుకెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. నా చాపకి చీమలు మిగిలాయి. మా ఆయన ఆ రాత్రి ఖాళీ డబ్బా చూసి "బాగా ఖర్చయిందే నీ చదువు" అన్నారు.

ఇవన్నీ తట్టుకున్నాను. ఆ మూల పిల్ల ఇంకా నా చాప మీదే ఉంది కదా అని. ఒక సాయంత్రం నేను కొళాయి దగ్గర గిన్నెలు సర్ది వచ్చేసరికి హాల్లోంచి ఒక గొంతు వినిపించింది. ఎవరో పాఠం చదువుతున్నారు. పాఠం చదివే గొంతు కాదు, బజార్లో ఆ చివరికి వినపడేలా చేపలమ్మే గొంతు. మాట మాటకీ ఆగి, "అర్తమైందా ఖాలా?" అని అడుగుతోంది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. నా దగ్గర గుసగుసగా కూడా రాని గొంతు అది. మధ్యలో రెండు మాటలు తప్పు చదివింది. అక్కడ దిద్దేవాళ్ళు ఎవరూ లేరు. తప్పులతోనే పేజీ చివరిదాకా వెళ్ళిపోయింది. ఖాలా ఆ పిల్ల చెయ్యి పిసుకుతూ నోరు తెరుచుకుని వింటోంది. సంతోషించాల్సిన సమయమని తెలుసు. నాకు ఏడుపొచ్చింది. అది సంతోషంతో వచ్చినది కాదు.

ఆ రాత్రే వదినకి ఫోన్ చేశాను. పరీక్ష దగ్గరికొస్తోంది, ఆ పిల్లకి లెక్కలు రావు, అక్షరం రానావిడ దగ్గర కూర్చుంటే సీటెలా వస్తుంది, మీరు ఒక్క మాట చెప్పి నా చాప మీదికి పంపండి అన్నాను. వదిన అంతా విని, "పంపడం లేదు కదమ్మా మన దగ్గర. నీకంత బెంగగా ఉంటే నువ్వూ వెళ్ళి ఆ చాప మీదే కూర్చో" అంది. ఆవిడ వేళాకోళం చేస్తోందో సలహా ఇస్తోందో ఎప్పటికీ తెలియదు. ముప్పై ఏళ్ళ ఆడపడుచరికం అలాంటిది.

కూర్చున్నాను. పిల్ల కోసం అదీ చేశాను. కిటుకు నాకూ అర్థమైంది కదా, పిల్లలకి చెప్పడం కావాలి, వినేవాళ్ళు కావాలి. సరే, వింటాను. ఆ పిల్ల పక్కన చేరి, "పదమూడో ఎక్కం మర్చిపోయానే, కాస్త చెప్పవూ?" అన్నాను. ఆ పిల్ల నన్ను పైనుంచి కిందకి చూసింది. "మీకొచ్చు కదండి" అంది. అంతటితో ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. నిజంగా నాకు రానిది అడిగితే సరి అనుకుని, మంచి చేపని ఎలా పోల్చుకుంటారని అడిగాను. ఈసారి పిల్ల వెలిగింది. కళ్ళు మెరుస్తూ ఉండాలండి, చెవులెత్తి చూస్తే మొప్పలు ఎర్రగా ఉండాలండి, నొక్కితే సొట్ట పడకూడదండి అని చెప్పుకుంటూ పోయి, ఉన్నట్టుండి ఆగింది. "మీరు తినరు కదండి. మీకెందుకండి ఇది?" అంది. ఖాలా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు వచ్చినది అడిగితే దొంగదాన్నయ్యాను, రానిది అడిగితే పనిలేనిదాన్నయ్యాను. ఆ గాజులావిడకి రాకపోవడమూ నిజమే, కావాలనుకోవడమూ నిజమే. ఆ రెండూ కలిపి నేనెక్కడినుంచి తేగలను?

రెండు రోజుల తర్వాత ఖాలా పలక కింద పెట్టి, అందరికీ వినపడేలా, "సదవడం ఓ దారికొచ్చింది. ఇప్పుడు నాకు బాగారం సెప్పండే" అంది. అక్కడున్న పంతుళ్ళలో భాగహారం వచ్చినవాళ్ళు లేరు. ఆ పిల్ల కాసేపు పలక వైపు చూసి, లేచి, హాలు దాటి నా చాప దగ్గరికి వచ్చి నిలబడింది. "మేడంగారూ, బాగారం ఎలాగండి? తొరగా సెప్పండి, ఖాలాకి సెప్పాలి" అంది. ఖాలా తెలిసే అడిగిందో, ఊరికే అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగి తెలుసుకోవడానికి అభిమానం అడ్డొచ్చింది.

ఆ రోజునుంచి అదే వ్యాపారం. వాళ్ళమ్మ పూడిమడక రేవులో టోకున కొని బజార్లో చిల్లరకి అమ్మినట్టు, ఈ పిల్ల నా దగ్గర లెక్క కొనుక్కుని, చల్లారకుండా ఖాలా చాప మీద అమ్మేది. అత్త సొమ్ము అల్లుడు దానం. కాకపోతే పక్కన మరొకరికి చెప్పాలి కనక నా దగ్గర ఊరికే తల ఊపేది కాదు. అర్థం కాకపోతే కదిలేది కాదు. "అలా కాదండి, ఖాలా ఇక్కడ ఇలా అడుగుతాదండి" అని ఆవిడ తరఫున నన్ను నిలదీసేది. ఒకరోజు శేషం సంగతి చెప్పుకుపోయింది. "మరి మిగిలింది ఏటి సేత్తారే?" అని అక్కడినుంచి ఖాలా గొంతు. "శేషం అని రాసి ఒదిలేత్తారు ఖాలా." "పాపం, ఊరికే ఒదిలేత్తారా? మా కొట్లోనయితే ఎవరో ఓ పిల్లకి తొడిగీసీదాన్ని." నేను నా చాప మీద కూర్చుని వింటూ ఉన్నాను. నా దగ్గరున్న ఆ కాసేపూ పిల్ల నా మొహం వైపు చూసేది కాదు, పలక వైపే చూసేది. పని కాగానే పరిగెత్తేది. ఆ పరుగు చూడటం నాకు రోజూ ఒక శిక్ష. అయినా మర్నాడు ఏ లెక్క ఎలా చెప్తే ఆ పిల్ల బాగా అమ్ముకోగలదో రాత్రి కూర్చుని ఆలోచించేదాన్ని.

పరీక్ష రాసింది. సీటొచ్చింది. గురుకులంలో దింపే రోజున వాళ్ళమ్మ బేరం మానేసి, తట్ట లేకుండా వచ్చింది. అలా ఆవిడని చూడటం అదే మొదటిసారి. "మీ దయమ్మ" అని నాకు దండం పెట్టింది. పిల్ల ఒంగి నా కాళ్ళకి దండం పెట్టి, కొనుక్కొచ్చిన చాక్లెట్టు ఒకటి నా చేతిలో పెట్టింది. టీచర్లకి ఏం చెయ్యాలో అంతా పద్ధతిగా చేసింది. తర్వాత ఖాలా దగ్గరికి వెళ్ళింది. దండం పెట్టలేదు, చాక్లెట్టు ఇవ్వలేదు. ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని, బయట ఆటోవాడు హారను కొడుతున్నా లేవకుండా ఏడ్చింది. నా చాక్లెట్టు ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. మా ఆయన తినబోతే కసిరాను.

పిల్ల వెళ్ళిపోయాక కొన్నాళ్ళు ఖాలా పలక ముట్టుకోలేదు. పైకి రావడం వచ్చేది, గుగ్గిళ్ళు పెట్టేది, గోడకి ఆనుకుని కూర్చునేది. ఒక సాయంత్రం తన చాప తనే చుట్టుకుని తెచ్చి నా చాప పక్కన పరిచింది. "ఆ పిల్ల బాగారం సగంలో ఒదిలేసి ఎల్లిపోయింది. మిగిలింది మీరు సెప్పీయండి" అంది. చెప్పకుండా ఉండాలని ఎంతో అనిపించింది. కానీ లెక్క చెప్పమన్నవాళ్ళని పొమ్మనడం నాకు చేతకాదు. భాగహారం అయింది, కసాగు అయింది, భిన్నాల్లో పడ్డాం. ఆవిడకి తప్పు పోతే నేను దిద్దితే ఏడవదు, నోరు మూసుకోదు, "ఓసోస్, అంతేనా" అని మళ్ళీ మొదలుపెడుతుంది. చెయ్యి పిసకడం మాత్రం మానలేదు. మొదట్లో నా చెయ్యి వెనక్కి లాక్కునేదాన్ని.

మొన్న దసరా సెలవులకి ఆ పిల్ల వచ్చింది. కాస్త పొడుగైంది, రెండు జడలూ మడిచి రిబ్బన్లు కట్టింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "ఖాలా, నీకు బిన్నాలు నేర్పుతాను, మాకు బళ్ళో సెప్పేరు" అని నా ముందునుంచే పరుగెత్తింది. బస్సులో దారంతా అదే తలుచుకుంటూ వచ్చి ఉంటుంది. ఖాలా మురిసిపోయి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, "బిన్నాలా? అవి అయిపోయేయి కదే. మేడంగారు సెప్పీసేరు. సూడు" అని పలక మీద ఒక లెక్క వేసి, చేసి, చూపించింది. ఎక్కడా తప్పు లేదు. ఆ పిల్ల పలక వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తల తిప్పి నన్ను చూసింది.

ఆ చూపు నాకు తెలుసు. ఎదురుగా ఎప్పుడూ చూడలేదు గానీ, లోపలినుంచి దాన్ని మోసినదాన్ని. పిల్ల లేచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. పెదవులు బిగించి, కళ్ళనిండా నీళ్ళతో, "నేను వచ్చీదాకా ఆగలేకపోయేరాండీ?" అంది. నా దగ్గరున్నన్నాళ్ళూ తన కోసం ఒక్క మాట అడగని పిల్ల నన్ను అడిగిన మొదటి మాట అది. నా పక్కన చోటు చేసి చూపించాను. కూర్చోలేదు. ఖాలా దగ్గరికి వెళ్ళి, నాకు వీపు పెట్టి కూర్చుంది. నాకు సంతోషం వేసింది, ఆ పిల్ల మీద జాలీ వేసింది, రెండూ ఒకేసారి. ఆగి ఉండవచ్చు నిజమే. కానీ వెళ్ళినవాళ్ళ కోసం మనం ఎంత జాగ్రత్తగా చోటు పట్టి ఉంచినా కాలం వచ్చి అందులో ఇంకెవరినో కూర్చోబెట్టి పోతుంది. ఈసారి అలా కూర్చున్నది నేను.